మీ అమ్మ బరువు

గీతమ్మా, మీ అమ్మ పొద్దున్న వంటింట్లో పడిపోయింది. ఐసీయూలో ఉంచారు, ఇంకా తెలివి రాలేదు. బీపీ మాత్రలు ఎక్కడ పెడుతుందో నాకు దొరకలేదు. వెతికి పట్టుకురా. ఐదింటికి ఒక్కరినే లోపలికి పంపుతారు, నువ్వు వెళ్ళు. జగ్గారావు మావయ్య కద్మా బస్తీ నుంచి వచ్చి బియ్యం కొట్టు తెరుస్తాడు.

మందు మోతాదు కోసం డాక్టరు "వజన్ కిత్నా హై?" అని హిందీలో బరువు అడిగాడు. యాభై ఎనిమిది కిలోలని చెప్పేశాను. నువ్వు పుట్టినప్పటి లెక్క అది. బయటికొచ్చాక గుర్తొచ్చింది, ఆటోలోకి ఎత్తింది నేనే కదా. యాభై కిలోల బస్తా కన్నా బాగా తేలిక. వెనక్కి పరుగెత్తి నలభై అని దిద్దించాను. రోజూ బస్తాలెత్తే చేతులకి ఇన్నాళ్లూ తెలియలేదు.

నాన్న

అమ్మ వండిన పప్పు స్టవ్ మీదే ఉంది. తినేసి రా. ఎంత తిన్నావో నాకు చెప్పాలి.