సగం చెప్పిన వామన కథ

చిరంజీవి అరుణశ్రీకి,

అరసవల్లి స్వామి చల్లని చూపు నీ మీద ఉండాలని నాన్న దీవెన. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నా మోకాలి సంగతి అడిగావు. నిన్న రేవు దాకా పరుగెత్తాను, ఇక నువ్వే తెలుసుకో!

ఎందుకనుకున్నావు? నీ చేపలు ఆరబెట్టే పెట్టె పనిచేసింది తల్లీ! నాలుగు రోజులుగా ఒకటే ముసురు. ఇసుక మీద పోసిన నెత్తళ్ల చేపలకు పురుగు పట్టింది. రేవు ఆడవాళ్లకు పెద్ద దిక్కు గున్నమ్మత్త ఊరుకుందా? ఏడాదిగా టార్పాలిన్ కింద పడున్న పెట్టెను విప్పించింది. చేప తోలు ఊడబెరుకుతున్నాయని స్టీలు జల్లెడలు తీసేసి, పాత వల బిగించింది. వెల్డింగు ఈశ్వర్ వచ్చి కరెంటు హీటరు బదులు కొబ్బరి చిప్పల పొయ్యి తగిలించాడు. సాయంత్రానికి నెత్తళ్లు గలగలమన్నాయి! ఇలాంటివే మూడు చేసిపెట్టమని పక్క రేవువాళ్లు ఈశ్వర్ కొట్టు ముందు కూర్చున్నారు.

"పరాయి దేశం సాయంతో చేసిన పరిశోధన మన రేవుకు పనికిరాలేదని రిపోర్టులో రాసెయ్యనా?" అని అడిగావు. రాయకు! అలా రాస్తే రెండో విడత సాయం ఆగిపోతుందని నువ్వే అన్నావు. అమృతం కోసం దేవతలు రాక్షసులతోనే చెయ్యి కలిపారు. పరాయి చెయ్యి తగిలిందని అమృతం విషమైందా? వాళ్ల డబ్బు పెట్టెను తెచ్చింది. దాన్ని వ్యాపారంగా మార్చింది మాత్రం మనవాళ్ల చేతులే.

ఇక, ఏడాదిగా దాచింది చెప్పాలి. పెట్టె నచ్చక ఆడవాళ్లే వదిలేశారని నీతో అన్నాను. అబద్ధం. ఆపింది నేను. శనివారం భజనలో వామన కథ ఎత్తుకుని, "పరాయి దేశంవాళ్లు పెట్టె పేరుతో రేవులో మూడడుగుల జాగా అడుగుతున్నారు, రేపు మన నెత్తిన కాలు పెడతారు!" అని గర్జించాను. నా మాట విని అందరూ పెట్టెకు దూరమయ్యారు. అది నా కూతురి కష్టమని తెలిసీ అన్నాను.

నిన్న గున్నమ్మత్త ఆ నెత్తళ్లు నా దోసిట్లో పోసి, "ఒరే లక్ష్ముడూ, కథ సగమే సెప్పినావురా. బలి దానమిస్తంటే ధారకి అడ్డం పడిన గురువు కన్ను ఏటైనాదో సెప్పవేటి?" అంది. రేవంతా నవ్వింది. కన్ను పోగొట్టుకున్న ఆ శుక్రాచార్యుణ్ణి నేనే కదా తల్లీ!

పెట్టె ఏడాది మూలపడటానికి కారణం ఫలానా అని రిపోర్టులో నా పేరే రాయి. వచ్చే శనివారం మిగతా సగం కథ నేనే చెబుతాను. గున్నమ్మత్త ముందు వరసలో కూర్చుంటానంది.

ఇట్లు,
నీ నాన్న, ఒంటికన్ను గురువు
లక్ష్ముడు