తెల్లరాయికి కాటుక

సామాన్ల కొట్టు లేఖరి పెహెన్ గారికి, పిరమిడ్ మీద రాయి రుద్దే ఇపి నమస్కరించి రాసేది. మీరు నీడపట్టున చల్లగా ఉన్నారని తలుస్తాను.

నది అవతల నుంచి తెచ్చిన తెల్లరాయిని పిరమిడ్ కొస నుంచి కిందికి నున్నగా రుద్దుకొస్తున్నాం. పదహారు వరుసలయ్యాయి. ఎండ దాని మీద పడి మా కళ్ళలోకే కొడుతోంది. ఆ మెరుపు తగ్గేలా కళ్ళకు పెట్టుకోవడానికి ఇరవై మందికి కాటుక పంపండి. నిన్న నా జతగాడు ఖెను, మెట్టనుకుని గాలిలో కాలు పెట్టాడు. మొలగుడ్డ పట్టి వెనక్కి లాగాను.

ఇట్లు, ఇపి

తా.క. మొలగుడ్డ చిరిగింది. అదొకటి పంపండి.

---

ఇపికి, పెహెన్ దీవించి రాసేది.

కాటుక పండగలకే ఇస్తాం. ఈ నెలలో పండగ లేదు. కాటుక, కొత్త బట్ట కలిపి అడిగావంటే ఖెనుకు పెళ్ళని అర్థమైంది. పిల్ల తండ్రి వచ్చి అడిగితే ఇస్తాను.

ఇట్లు, పెహెన్

తా.క. పిరమిడ్ తెల్లగా ఉండదు. గోధుమరంగు. ఆరేళ్ళ క్రితం స్వయంగా చూసి రాసుకున్నాను.

---

పెహెన్ గారికి, ఇపి రాసేది. నమస్కారం కిందటి ఉత్తరంలోదే వాడుకోండి.

పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. మీరు చూసింది లోపలి రాయి. దానికిప్పుడు తెల్లతొడుగు వేస్తున్నాం. అతుకులో వెంట్రుక దూరదు. ఆ నునుపులో ముఖం చూసుకుని గడ్డాలు గీసుకుంటున్నాం. ఖెను కుడికన్ను తెరుచుకోవడం లేదు. రెండోది కూడా పోతే వాడికి తిండి మీరు పెడతారా?

ఇట్లు, ఇపి

తా.క. పెళ్ళి విందు ఎప్పుడని రొట్టెలవాళ్ళు అడుగుతున్నారు. ఎవరికి చెప్పారు మీరు?

---

ఇపికి, పెహెన్ ఓపిగ్గా రాసేది.

రాజుగారి పిరమిడ్‌లో గడ్డాలు గీసుకోవడం తప్పు. రాగి అద్దం పంపుతున్నాను. పెళ్ళికొడుక్కి కన్ను బాగాలేకపోతే ముహూర్తం వాయిదా వేయండి.

ఇట్లు, పెహెన్

తా.క. పిల్ల తండ్రి ఇంకా రాలేదు.

---

పెహెన్‌కు ఇపి రాసేది.

అద్దం పైకి తెచ్చి ఎత్తినవాడికి కళ్ళు పోయినంత పనైంది. రేపటి నుంచి ఎవరమూ రుద్దం. మిట్టమధ్యాహ్నం ఒకసారి రండి. దక్షిణం వైపు నిలబడి, తల ఎత్తి, గోధుమరంగని మళ్ళీ రాసుకోండి.

ఇపి

తా.క. పిల్ల తండ్రినీ వెంటబెట్టుకు రండి.

---

నాయనా ఇపీ, పెహెన్ భార్య హెనుత్ పక్కింటి లేఖరి చేత రాయించేది.

ఆయన వచ్చారు. తల ఎత్తారు. ఒంటికన్ను కుర్రాడు ఖెను, ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి దించాడు. మూడు రోజులుగా గోడలు తడుముకుంటున్నారు. రంగు సంగతి ఎత్తడం లేదు.

కొట్టు తలుపుకున్న మట్టిముద్ర నేనే పగలగొట్టి ఆయనకు కాటుక పెట్టాను. నలభై కుండలున్నాయక్కడ. అన్నీ గాడిదల మీద వస్తున్నాయి. వాటిని పంపే చీటీ మీద ముద్ర ఆయన చేతే వేయించాను. "దేనికి?" అన్నారు. "ఖెను పెళ్ళికి" అన్నాను. "పిల్ల తండ్రి అడిగాడా?" అన్నారు. అడిగాడన్నాను.

ఇట్లు, హెనుత్

తా.క. అదంతా అబద్ధమనుకోకు. ఖెనుకు మా అమ్మాయి దాహం ఇచ్చింది. కన్ను కడిగింది. ఆ కడగడం ఇంకా అవలేదు, రోజూ వస్తున్నాడు. పిల్ల తండ్రి ఆ పక్క మంచం మీదే ఉన్నారు. ఆయనకే ఇంకా కనబడలేదు.