నేను సాకిన కణాలు

జులై 3, గురువారం

ఊపిరితిత్తుల వార్డులో పోస్టింగ్ మొదలైంది. ఎంబీబీఎస్ తర్వాత రెసిడెన్సీలో నాకిది రెండో ఏడు. కిటికీ పక్క బెడ్ మీదున్నాయన బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. నర్సులంతా క్లారినెట్ బాబాయ్ అంటున్నారు. వీపు మీద స్టెతస్కోప్ పెట్టగానే వినిపించింది, అతికిన టేపును మెల్లగా ఊడదీస్తున్నట్టు చిటచిటమని. పుస్తకంలో చదివిందే. మనిషి వీపులోంచి వింటే వేరేగా ఉంది.

ఆయన ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోతున్నాయి. సిగరెట్ ముట్టలేదు, దుమ్ములో పని చెయ్యలేదు, మరి నాకెందుకొచ్చిందండీ అని రౌండ్స్‌లో పెద్దసారుని అడిగాడు. కారణం తెలియదు, ఈ జబ్బు పేరులోనే ఆ మాటుంది అని చెప్పి సారు పక్క బెడ్‌కు వెళ్లిపోయారు. బాబాయ్ నా వైపు తిరిగి, తెలీదని చెప్పడానికి అంత పెద్ద పేరెందుకమ్మా అన్నాడు. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

జులై 6

కాళ్లు పీకుతున్నాయి. షూ విప్పకుండానే పడుకున్నాను.

జులై 9, బుధవారం

ఇక నుంచి బుధ, శనివారాలు మధ్యాహ్నం రీసెర్చ్ ల్యాబ్. వార్డు వెనక బిల్డింగ్, పై అంతస్తు. ల్యాబ్ మేడమ్ ముక్కుసూటి మనిషి. కూర్చోమనకుండానే, ఎందుకొచ్చావ్, రీసెర్చ్ పేపర్ మీద పేరు కోసమేనా అని అడిగింది. అవునన్నాను. పేపర్ ఉంటే తర్వాత పైచదువుకు సీటు తేలిక. మా బ్యాచ్‌లో అందరం అందుకే చేరాం. కనీసం అబద్ధమాడలేదు, రా, చుక్కలు కొలిచే పిపెట్ పట్టుకోవడం నేర్పిస్తా అంది.

రాత్రి భోజనాల దగ్గర బావ మొదలుపెట్టాడు. మా మరదలు పొద్దున మనుషుల్ని చూస్తుంది, సాయంత్రం కణాల్ని చూస్తుంది, మనం కనపడాలంటే జ్వరమైనా తెచ్చుకోవాలి అని. అక్క నవ్వలేదు. డాక్టరయ్యాక కూడా ఈ చదువు తెమలదా అంది. అక్కావాళ్లింట్లో ఉంటున్నాను కాబట్టి జవాబు చెప్పాలి. అన్నంలో మజ్జిగ పోసుకున్నాను.

జులై 17

బాబాయ్‌కి బయాప్సీ. తీసిన ఊపిరితిత్తి ముక్కలో కొంచెం ల్యాబ్‌కివ్వడానికి ఆయన ఒప్పుకోవాలి. కుర్చీ వేసుకుని మొత్తం చెప్పాను. మచ్చలు కట్టే కణాల్ని ప్లేటులో పెంచుతాం, వాటి మీద కొత్త మందులు వేసి చూస్తాం, దీనివల్ల మీకు ఒరిగేదేమీ ఉండకపోవచ్చు అన్నాను. ఆయన భార్యని పిన్ని అంటున్నాను, ఆవిడ నా నోటి వంకే చూస్తోంది. బాబాయ్ సంతకం పెట్టేసి, తీసుకోండి కానీ దాన్ని తిట్టకండమ్మా, ఇన్నేళ్లూ నాకు మంచి పాట పలికింది అన్నాడు.

ఆగస్టు 9, శనివారం

పెరిగాయి! ఇన్ని వారాలు ఖాళీ ప్లేటు చూసి చూసి విసుగెత్తింది. ఇవాళ మైక్రోస్కోప్ కింద ముక్క అంచు నుంచి సన్నగా, పొడుగ్గా, చేపపిల్లల్లా బయటికొస్తున్నాయి. మేడమ్‌ని కేకేసి పిలిచాను. ఆవిడ చూసి, సంతోషపడు, కానీ అవేంటో మర్చిపోకు అంది.

అవేంటో తెలుసు. ఆయన ఊపిరి ఆపుతున్నవి అవే.

ఆగస్టు 11

బాబాయ్‌కి చెప్పాను. ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, బాగున్నాయా, తింటున్నాయా అని అడిగాడు. బాగా తింటున్నాయన్నాను. అయితే నా పోలికే, ఒకప్పటి పోలిక అన్నాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగేదాకా వీపు పట్టుకుని నిలబడ్డాను.

ఆగస్టు 30

మేడమ్ కొత్త మందు మిగతా పేషంట్ల కణాల్ని నెమ్మదింపజేస్తోంది. బాబాయ్ కణాల మీద దాని పప్పులుడకడం లేదు. మళ్లీ వేశాను. మళ్లీ అంతే. నా చేతుల్లోనే ఏదో పొరపాటుందనుకుని మేడమ్ తనే చేసింది. అదే ఫలితం. ఆవిడ మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమంది. ఈయన కణాల్లో ఏదో తేడా ఉంది, అది పట్టుకుంటే పేపర్ సంగతి దేవుడెరుగు అసలు ఏదో తెలుస్తుంది అంది.

ఇంటికొచ్చేదాకా దాని గురించే ఆలోచన. నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మధ్యాహ్నం బాబాయ్ పోయారు. ఆయాసం తెలియకుండా మందిచ్చాం. అంతకుమించి మా దగ్గరేమీ లేదు. పిన్ని చెయ్యి పట్టుకునే ఉంది. ఊపిరి ఆగాక కూడా ఆవిడకి తెలియలేదు. నేనే చెప్పాల్సొచ్చింది.

సెప్టెంబర్ 13, శనివారం

ల్యాబ్‌కు వెళ్లాలనిపించలేదు. వెళ్లకపోతే అవి చచ్చిపోతాయి.

ఇంక్యుబేటర్ తీస్తే వెచ్చగా తగిలింది. ప్లేటు నిండా ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఏమీ జరగనట్టు. పాత ద్రవం తీసేసి కొత్తది పోశాను. ఆయన్ని చంపినవాటికి తిండి పెడుతున్నాను. ఆయనలో ఇంకా బతికున్నవి కూడా ఇవే. ఈ రెండూ నిజమే అయినప్పుడు మనిషి ఏమనుకోవాలో ఎవరూ నేర్పలేదు. కళ్లద్దాలు మసకబారాయి. గ్లవ్స్‌తో తుడుచుకోకూడదు, అలాగే పని చేశాను.

సెప్టెంబర్ 29

డెత్ సర్టిఫికెట్ కోసం పిన్ని వచ్చింది. క్యాంటీన్‌లో టీ తాగించాను. మాటల్లో, మా మరిదికి కూడా పొడి దగ్గు పట్టుకుందమ్మా, మందు తాగినా తగ్గట్లేదు అంది. మామగారూ అంతే, ఆయాసంతోనే పోయారు అంది.

కప్పు కింద పెట్టేశాను. బాబాయ్ చేరినప్పుడు తండ్రి గురించి మేం అడిగాం. ఆయాసంతో పోయాడన్నారు. ఆస్తమా అని రాసేసుకున్నాం.

తండ్రి, పెద్దకొడుకు, ఇప్పుడు చిన్నకొడుకు. మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వెళ్లి మేడమ్‌తో చెప్పాను. కణాల్లోంచి జన్యువులు తీసి చదివిద్దాం, ముందు కొన్ని కణాల్ని ఫ్రీజర్‌లో దాచు అంది. మరిదిని తీసుకురమ్మని పిన్నికి ఫోన్ చేశాను. వాడు మహా మొండి, చూస్తాను అంది.

అక్టోబర్ 4, శనివారం

రాయాలని లేదు. రాస్తాను.

కణాల్ని ప్లేటు నుంచి ఊడదీయడానికి ఒక ద్రవం పోస్తాం. ఊడగానే దాన్ని ఆపే ఇంకో ద్రవం పొయ్యాలి. ఆలస్యమైతే అది కణాల్నే తినేస్తుంది. అన్ని ప్లేట్లలోనూ పోసేశాను. అప్పుడు వార్డు నుంచి ఫోన్. జూనియర్ గొంతు కీచుమంటోంది. పెద్దావిడొకరికి ఊపిరితిత్తి కూలిపోయింది, ఒళ్లు నీలంగా మారుతోంది, సారు ఆపరేషన్‌లో ఉన్నారు, నాకు ట్యూబు వెయ్యడం రాదక్కా అంటున్నాడు.

పరిగెత్తాను. పక్కటెముకల మధ్య ట్యూబు వేశాను. గాలి బుస్సుమని బయటికొచ్చింది. ఆవిడ కళ్లు తెరిచి, చలేస్తోంది, దుప్పటి కప్పమంది.

తిరిగొచ్చేసరికి ప్లేట్లలో తుక్కు మాత్రమే మిగిలింది. ఫ్రీజర్‌లో దాచాలనుకున్నవి కూడా అవే. చెయ్యి చాపి రెండో ద్రవం పోసి పరిగెత్తినా బతికేవి. ఆ క్షణంలో అది తోచనే లేదు.

మేడమ్ వచ్చి మైక్రోస్కోప్‌లో చూసింది. పేషంట్ బతికిందా అని అడిగింది. బతికిందన్నాను. అయితే బల్ల తుడిచి ఇంటికెళ్లు అంది.

అక్టోబర్ 5

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. అయితే ఇప్పుడు పూర్తిగా పోయారన్నమాట అంది.

క్షమించమన్నాను. పెట్టేసింది.

అక్టోబర్ 7

పెద్దసారు గదిలోకి పిలిచారు. ట్యూబు శుభ్రంగా వేశావు, నీ చేతులు మంచివి, వాటిని ప్లేట్ల దగ్గర అరగదియ్యకు, వార్డులో మనుషులు చాలట్లేదు అన్నారు. ఆయన తప్పేం మాట్లాడలేదు. ఆ పెద్దావిడ ఇవాళ కారిడార్‌లో నడుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

ల్యాబ్ మానేస్తే ఏమవుతుంది? ఎవరూ చచ్చిపోరు. ఇప్పుడు పోతున్నవాళ్లు అలాగే పోతూ ఉంటారు, అంతే.

అక్టోబర్ 15, బుధవారం

ఓపీలో తలెత్తేసరికి ఎదురుగా పిన్ని. పక్కన ఒకాయన, బాబాయ్ ముక్కే, బాబాయ్ చెవులే. స్కూలు వ్యాన్ నడుపుతాడట. పిన్ని నాతో ఒక్క ముక్కే అంది, ఆయన పోయారు, వీణ్నయినా చూడు అని.

చొక్కా ఎత్తి వీపు మీద స్టెతస్కోప్ పెట్టాను. అదే చిటచిట.

ఏం వినిపించిందో చెప్పకండి అన్నాడు చిన్నాయన. వదిన పోరు పడలేక వచ్చాను, ఇంట్లో ఆడపిల్లలున్నారు, తెలుసుకుని నేను చేసేదేముంది అన్నాడు. తొందరగా మొదలుపెడితే జబ్బును కాస్త నెమ్మదింపజేసే మందులున్నాయి, ఆపే మందు లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. మా అన్నకి ఎందుకొచ్చిందో తెలిసిందా అన్నాడు. తెలుసుకునేవాళ్లం, ఆయన కణాలు నా చేతిలోనే పాడైపోయాయి అన్నాను. పిన్ని తల దించుకుంది.

చిన్నాయన చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టాడు. తియ్యండి రక్తం, ఈసారి జాగ్రత్త అన్నాడు.

నవంబర్ 20

రెసిడెన్సీ మధ్యలో రెండేళ్లు పూర్తిగా ల్యాబ్‌లో ఉండి, తిరిగి వార్డుకొచ్చే పద్ధతి ఒకటుంది. పెద్దసారు సంతకం కావాలి. కాగితం పట్టుకుని వెళ్లి నిలబడ్డాను. రెండు పనులూ అరకొరగా చేస్తావు అన్నారు. కావచ్చన్నాను. మీరు ఈ జబ్బువాళ్లని ఎంతమందిని చూశారు సార్ అని అడిగాను. అడిగాక భయమేసింది.

ఆయన కళ్లజోడు తీశారు. లెక్క పెట్టుకోలేదు, అందరూ పోయారు అన్నారు. నీ వయసులో నాకూ ఒకాయన ఉండేవాడు, టైలరు, నాకెందుకొచ్చిందండీ అని అడిగాడు, నేను వార్డు వదల్లేకపోయాను అన్నారు. సంతకం పెట్టి కాగితం నా వైపు తోశారు. నెలకోసారి ఓపీకి రావాలి, చెవి మొద్దుబారకూడదు అన్నారు.

అక్కకి చెప్పాను. ఎవర్ని ఉద్ధరించడానికే ఇదంతా అంది. ఎవర్నీ కాదు. నాకు తెలుసుకోవాలనుంది అన్నాను. ఇంత చిన్న మాట ఇన్నాళ్లూ నోట్లోంచి రాలేదు. అక్క నా తల మీద చెయ్యి వేసి, జుట్టు రాలిపోతోందే నీకు అంది. అది ఒప్పుకోవడమే.

మార్చి 6, శుక్రవారం, ఉదయం

చిన్నాయన జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. కణాలు తొందరగా ముసలివైపోతాయి. ఊపిరితిత్తుల్లో దెబ్బ తగిలిన చోట మానడానికి బదులు మచ్చ కడుతుంది. మేడమ్ మూడుసార్లు చదివింది. బాబాయ్ బయాప్సీలో వార్డు కోసం మైనంలో దాచిన ముక్కలో జన్యువులన్నీ చదవలేం కానీ, ఏ అక్షరమో తెలిస్తే వెతకొచ్చు, వెతికాం. అదే అక్షరం.

సాయంత్రం

చిన్నాయనకి, పిన్నికి చెప్పాం. అన్న తప్పేం లేదుగా అని అడిగాడాయన. ఎవరి తప్పూ లేదన్నాను. తలాడించి, నా పిల్లలకి అని ఆగిపోయాడు. సగం అవకాశం ఉందని మేడమ్ చెప్పింది. నేను చెప్పలేకపోయేదాన్ని. కౌన్సెలింగ్ ఉంటుంది, పెద్దయ్యాక వాళ్లంతట వాళ్లు కోరుకుంటేనే పరీక్ష అని కూడా చెప్పింది. ఆయన మందులు వాడుతున్నాడు. వ్యాన్ ఇంకా నడుపుతున్నాడు. పిన్ని వెళ్తూ నా చెయ్యి నొక్కింది.

ఏప్రిల్ 18, శనివారం

చిన్నాయన పెద్దకూతురు వచ్చింది, ఒక్కతే. భుజాన కాలేజీ బ్యాగు. తనకి తెలుసుకోవాలనుందట.

కుర్చీ ఆ అమ్మాయి వైపు జరిపాను.