సిస్టర్‌ను పిలవనని ఒట్టు

సోమవారం
కాలు విరిగి వనపర్తిలో ఈ ప్రైవేటు దవాఖానలో పడ్డాను. ఆదివారం డిశ్చార్జి. లైబ్రరీలో ఉద్యోగమంతా "నిశ్శబ్దం!" అని జనాన్ని అదిలించినవాణ్ణి. ఈ వార్డులో అందరికంటే ఎక్కువ అరుస్తున్నది నేనేనట! సూది వేస్తూ నర్సు నిరోష అన్నది: "వార్డు మొత్తానికి ఇద్దరమే ఉన్నం సారూ. మీరొక్కరే పదిమందంత పిలుస్తరు."
అవమానం! ఒట్టు పెట్టుకున్నాను. డిశ్చార్జి దాకా సిస్టర్‌ను పిలవను. ఎంత సులభం! మనిషికి కావలసిందేమిటి? ఒక పుస్తకం, కళ్లద్దాలు.

అదే మధ్యాహ్నం
కళ్లద్దాలు కింద పడ్డాయి. పిలవలేదు. దగ్గాను. వచ్చింది. దగ్గు లెక్కలోకి రాదు.

మంగళవారం
అద్భుతం! ఒక్క పిలుపు లేదు! పక్క మంచం ఎల్లన్నది బల్మూరు, చేయి విరిగింది. అతనితో పిలిపించాను.
"నీకు నీళ్లు గావాలంటే నేనెందుకు పిల్వాలె సారూ? నీకు విరిగింది కాలా, నోరా?"
వ్రతమంటే ఏమిటో తెలియని మనిషి.

బుధవారం
నిరోష కూతురు వర్ష. గోపాల్‌పేట బడిలో మూడో తరగతి. శనివారం సాయంత్రం బడిలో డాన్సు, నెమలి వేషం. పోయినేడూ, అంతకు ముందూ తల్లి పోలేకపోయింది. డ్యూటీ.
"ఈపారి గిన రాకుంటె నువ్వు నా అమ్మవే గాదన్నది సారూ" అని నవ్వింది. నవ్వుతూనే బీపీ పట్టీ రెండుసార్లు తప్పు చుట్టింది.
శనివారం నా వల్ల ఆమెకు ఆలస్యం కాకూడదు. ఒట్టు రెట్టింపు!

గురువారం
పిలిచాను. దిండు. ఫ్యాను. మళ్లీ దిండు. తప్పు దిండుది.

శుక్రవారం
మేనేజరు గోడకు కాగితం అంటించాడు. "నర్సులకు ఒత్తిడి తగ్గించే తరగతి. రేపు డ్యూటీ దిగాక, రెండింటికి. రాకుంటే ఆబ్సెంట్."
ఒత్తిడి తగ్గించడానికి ఇంటికి పోనీయకపోవడం! ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత తెలివి ఎక్కడా తగల్లేదు. "ఇంకో నలుగురు నర్సులను పెట్టవయ్యా, అదే తగ్గుతుంది" అన్నాను. "రెస్టు తీసుకోండి అంకుల్" అన్నాడు. అంకులట!

శనివారం
రెండింటికి నిరోష డ్యూటీ దిగింది, రెండో నర్సు రజిత ఎక్కింది. నిరోష తరగతి హాల్లో ఇరుక్కున్నది. గోడ అవతల "హహహ, హోహోహో". నవ్వు నేర్పుతున్నారు. మూడింటికి గోపాల్‌పేట బస్సు.
"నెమలి పాయె సారూ" అన్నాడు ఎల్లన్న.
ఛాతీ పట్టుకున్నాను. "సిస్టర్! నిరోషా సిస్టర్! గుండె!" లైబ్రరీలో ఇన్నాళ్లూ అణచుకున్న గొంతంతా వాడేశాను.
పరుగెత్తుకొచ్చింది. మొహంలో నెత్తురు లేదు.
"ఏమైంది సారూ?"
"ఏం కాలేదు. బస్సు! పో!"
"నా గుండె ఆగిపాయె గదా!" అని నా చేతి మీద ఒక్కటేసింది. రజిత వెనక గేటు తీసింది. మాయం!
మేనేజరు డాక్టరుతో దిగాడు. గుండె అన్నవాణ్ణి వదులుతారా? ఈసీజీ, రక్తం, డిశ్చార్జి రద్దు. ఎల్లన్న దుప్పటి కింద ఊగిపోతూ నవ్వుతున్నాడు. ఏ తరగతీ లేకుండానే.

ఆదివారం
నిరోష వచ్చింది. ఆబ్సెంట్ వేశారట. ఫోనులో వీడియో చూపింది. జనంలో తల్లి కనబడగానే నెమలి డాన్సు మరిచిపోయింది. పాట అయ్యేదాకా చెయ్యి ఊపుతూ నిలబడింది.
రేపటి నుంచి ఒట్టు. ఈసారి గట్టిది. డిశ్చార్జి దాకా సిస్టర్‌ను పిలవను.
ఇవాళ ఇంకా ఆదివారమే కదా.
"సిస్టర్! ఆ నెమలిని మళ్లొకసారి పెట్టమ్మా!"