చేతిమీద నీ నంబరు

అక్కా,

ఆరేళ్ల తర్వాత ఉత్తరమేమిటని కంగారుపడకు. నేను బాగానే ఉన్నాను.

నేను పనిచేసే లాండ్రీలో నా పక్కన ఇస్త్రీ చేసే ఆవిడని, ఒంటిరంగు చూసి పోలీసులు నడివీధిలో ఆపి, గోడకి నిలబెట్టి సోదా చేశారు. వచ్చే ఆదివారం దాని మీద నిరసన ఊరేగింపు ఉంది. నేనూ వెళ్తున్నాను. "మా గుంపు వదలకు, తోపులాట మొదలైతే పక్కసందులోకి వచ్చెయ్" అని ఆవిడ పదిసార్లు చెప్పింది. పోలీసులు పట్టుకుంటే ఫోన్ లాక్కుంటారట. అందుకని కబురు చేయాల్సినవాళ్ల నంబరు చేతిమీద రాసుకోవాలట. నిన్న మార్కర్ ఇచ్చి, "రాసి చూపించు, మీవాళ్లెవరు?" అంది. ఈ పరాయి ఊళ్లో నాకెవరున్నారు? ఎక్కడా చూడకుండానే నీ నంబరు రాసేశాను.

ఆవిణ్ణి పోలీసులు రంగు పేరుతో అన్న మాటలు ఆవిడ నోట వింటే నువ్వే గుర్తొచ్చావు. నీకు "నల్లకాకి" అని పేరుపెట్టింది నేనే కదా. నీ పెళ్లిలోనూ అందరి ముందు అలాగే పిలిచాను. నువ్వు తప్ప అందరూ నవ్వారు.

క్షమించమనడానికి ఇంకా నోరు రావడం లేదు. ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే మాత్రం ఎత్తు. రాకపోతే నేను క్షేమంగా గదికి చేరినట్టే. పట్టుబడ్డా, క్షేమంగా ఉన్నా చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఒక్క నంబరే.

నీ చెల్లి