సీసా వెనకవైపు సన్న అక్షరాలు

జూలై 3, గురువారం

స్కానింగ్ కాగితం వచ్చింది. ఫ్యాటీ లివర్, మొదటి దశ. లివర్‌కు కొవ్వు పట్టిందట. నాకు!

ఇరవై ఏళ్లుగా సేటు దుకాణంలో ఒక్కచోటే కూర్చుని చీరల్లో తప్పులు వెతికేవాడికి ఒళ్లు కదలదు, నిజమే. కానీ గద్వాలలో లివర్ అన్న మాట వినపడితే చాలు, అందరికీ ఒకటే తోస్తుంది. సేటు గల్లాపెట్టె దగ్గర నుంచే కేకేశాడు — "ఎప్పటి సంది మొదలువెట్టినవయ్యా?"

నేను తాగను సేటూ అంటే నవ్వు. అందరూ గట్లనే అంటరట.

ఒక్క చుక్క ముట్టినవాణ్ణి కాదు. ఎంతమందికని చెప్పను? నుదుటి మీద రాసుకుని తిరగాలా?

జూలై 4, శుక్రవారం

వనపర్తి నుంచి బామ్మర్ది నర్సింలు దిగాడు. వాళ్ల అక్క, అదే మా సుజాత, ఫోన్ చేసిందట. ఒకప్పుడు బోరు మోటార్లు అమ్మాడు, ఆ తర్వాత పత్తి విత్తనాలు, ఇప్పుడు మూలికల టానిక్కులు. ఏది అమ్మినా నవ్వు మాత్రం అదే.

"బావా, ఇది దవాఖాన గోళీల లెక్క కాదు. అంత ఆకులు, బెరళ్లే. ఉప్పునుంతలల ఒకాయనకు నెలకే లివర్ సాఫ్ అయింది."

ఆయన లివర్ నువ్వు తీసి చూశావా అని నోటిదాకా వచ్చింది. సుజాత ముఖం చూసి మింగాను. తమ్ముడంటే ప్రాణం ఆమెకు.

"పొద్దుగాల ఒక మూత, పొద్దుమూకినంక ఒక మూత. పరేషాన్ గాకు బావా."

రెండు సీసాలు పెట్టి పోయాడు. సీసా మీద నవ్వుతున్న లివర్ బొమ్మ. లివర్ నవ్వడమేంటో!

జూలై 5, శనివారం

చేదు. వగరు. గొంతులో సన్నటి మంట, చివర కొంచెం తీపి. చెప్పులు నానబెట్టిన నీళ్లు తాగినట్టుంది.

జూలై 8, మంగళవారం

అసలు ఇందులో ఏముందో చూద్దామని కూర్చున్నాను. చీమ తలకాయంత అక్షరాలు. కళ్లద్దాలు పనికిరాలేదు. దుకాణంలో పోగులు లెక్కపెట్టే అద్దం తెచ్చి లేబుల్ మీద పెట్టాను.

రోహితక. ధాతకి. పంచకోల. త్రిజాత. త్రిఫల. గుడ. పక్కనే వాటికి ఇంకో భాషలో ఇంకా పొడుగు పేర్లు. ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి మన నోరు తిరిగే పేరు రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? చీరకు మేం చీటీ కడతాం — ఒళ్లు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. చదివినవాళ్లకు ఏం కొంటున్నారో తెలుస్తుంది. వీళ్లకు తెలియడమే ఇష్టం లేనట్టుంది.

పైగా లేబుల్ అడుగు భాగమంతా నర్సింలు స్టిక్కర్. బంగారు రంగు, వాడి పేరు, ఫోన్ నంబరు. ఆ స్టిక్కర్ మీద అక్షరాలు మాత్రం ఆమడ దూరం నుంచి కనపడతాయి.

జూలై 11, శుక్రవారం

నిద్ర బాగా పడుతోంది. నడుము నొప్పి కూడా తగ్గినట్టుంది. పనిచేస్తోందేమో. ఈ మాట నర్సింలు చెవిన పడకూడదు.

జూలై 16, బుధవారం

మొదటి సీసా అయిపోయింది. పదిహేను రోజులొస్తుందన్నాడు, రాలేదు. ఆ మూత కొలత ఏడిసినట్టుంది... అంచుదాకా పోస్తే అంతే మరి. రెండోది విప్పాను.

జూలై 19, శనివారం

శ్రావణం సరుకు వస్తోంది. ఇవాళ పదకొండు చీరలు వెలుగుకు పట్టి చూశాను. మూడింటికి ఒంటికీ అంచుకూ మధ్య అతుకు వదులు. నేసినాయన నాతోనే గొడవ. నా కళ్లు పోయాయట.

ఇంటికొచ్చి ఆరున్నరకు టానిక్ తాగి గ్లాసు పెట్టాను. సుజాత ఆ గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను చూశానని తెలిసి, కడగడానికి పట్టుకుపోయింది.

 నోటితో అడిగినా బాగుండేది.

జూలై 21, సోమవారం

రక్తపరీక్ష మళ్లీ చేశారు. లివర్ లెక్క తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

"పూర్తిగా మానేశారా?" అంది డాక్టరమ్మ.

మొదలుపెడితే కదమ్మా మానేది అన్నాను. ఆమె పెన్ను ఆగింది. సుజాత వైపు చూసింది. నా వైపు కాదు, సుజాత వైపు! జబ్బు నాదా, ఆమెదా?

"వేరే గోళీలు ఏమైనా వాడుతున్నారా?"

లేదన్నాను. టానిక్ సంగతి తలకే రాలేదు. బామ్మర్ది తెచ్చిన ఆకుల రసం దవాఖానలో చెప్పే విషయమా?

తీపి మానండి, నడవండి, నెల తర్వాత రండి అంది.

ఆటో ఎక్కాక సుజాత నోరు విప్పింది. "నీ నోరు వాసనొస్తుంది. వారం సంది చూస్తున్న."

టానిక్ వాసన అన్నాను.

"ఆకుల వాసన నాకు తెల్వదా? పెండ్లయి వచ్చిన కొత్తల మీ నాయన దగ్గర వచ్చిన వాసననే అది."

ఆటోవాడు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. రేపటికి ఊరంతా తెలుస్తుంది.

జూలై 22, మంగళవారం

పెళ్లికి ముందు మామ నన్ను పక్కకు పిలిచి అడిగింది ఒకే ఒక్కటి. "మీ నాయన లెక్క తాగవు గద?" తాగనన్నాను. ఇంకేమీ అడగకుండా పిల్లనిచ్చాడు.

ఇరవై రెండేళ్లు. పెళ్లిళ్లలో, దావత్‌లలో, సేటు కొడుకు పుట్టినప్పుడు... ఎంతమంది ఎంత బలవంతం చేశారో. ముట్టలేదు. ఆ ఒక్క మాటే నేను సంపాదించిన ఆస్తి అనుకున్నాను. ఆ ఆస్తిని ఆమె ఒక గ్లాసు వాసన చూసి తీసిపారేసింది.

చాలా బాధగా ఉంది. కోపంగా కూడా ఉంది. ఏది ఎక్కువో తెలియడం లేదు.

జూలై 25, శుక్రవారం

శ్రావణ శుక్రవారం మొదటిది. పొద్దున పూజకు పిలిచింది, అంతే. కంచం పెట్టి తన రాట్నం ముందు కూర్చుంటోంది. మగ్గానికి నూలు కండెలు చుడుతూ గోడ వైపు చూస్తుంది. ఆ గోడకున్నపాటి విలువ నాకు లేదు.

రెండో సీసా కూడా అయిపోయింది. నర్సింలుకు నేనే ఫోన్ చేశాను. మధ్యలో ఆపకూడదు కదా.

"చూసినవా బావా, నేను చెప్పలె!"

చెప్పావు నాయనా, చెప్పావు. పంపు.

జూలై 26, శనివారం

పార్సిల్ రాలేదు. బస్టాండుకు రెండుసార్లు పోయాను. ఆరున్నర నుంచి ఒకటే చిరాకు. చారులో ఉప్పు లేదని కంచం నెట్టాను. ఉప్పు ఉంది.

జూలై 27, ఆదివారం

వచ్చింది.

జూలై 29, మంగళవారం

ఇంట్లో మాటల్లేక, ఆ లేబుల్‌లోని పేర్లు చీటీ మీద రాసుకుని మూలికల దుకాణానికి పోయాను. ఖాదర్ సాబ్‌కు డెబ్బై దాటింది, అద్దాలు లేకుండానే చదివాడు.

"రోహితక అంటే చెట్టు బెరడు. త్రిఫల తెలుసు గద, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. పంచకోల అంటే మిరియాల అసొంటి ఘాటు దినుసులు. అన్నిట్ల ఎక్కువ ఏందో ఎర్కనా? గుడ. బెల్లం!"

తీపి మానమంది డాక్టరమ్మ. నేనేమో పూటపూటా బెల్లం తాగుతున్నాను. దీనికి బెల్లమని రాస్తే ఏమయ్యేదట?

మరి ధాతకి?

"ఎర్ర పువ్వు. బెల్లం నీళ్లల ఏస్తే పొంగుతది, పులుస్తది. మూతి కట్టి నెల దినాలు పెడ్తరు."

 బెల్లం, పువ్వు, నీళ్లు. మూతి కట్టిన కుండ. నాయన మగ్గం గుంటలో, కాళ్లు పెట్టుకునే చోటు పక్కన, గోతాం కప్పిన కుండ ఒకటుండేది. దాంట్లో ఏముండేదో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనేవాళ్లం కాదు.

జూలై 30, బుధవారం

దుకాణంలో ఒక చీర. మడత మీద ధర స్టిక్కర్ ఉండాల్సిన చోట లేదు, నాలుగు వేళ్లు కిందికి జరిగి ఉంది. లేపి చూస్తే కింద నూనె మరక. ఎప్పుడూ ఇంతే, స్టిక్కర్ పక్కకు జరిగిందంటే దాని కింద ఏదో ఉంటుంది. ఇరవై ఏళ్లుగా నేను చేసే పనే అది, కింద గోరు పెట్టి చూడటం.

ఇంటికొచ్చి సీసా తీశాను. తడిగుడ్డ పెట్టి నర్సింలు బంగారు స్టిక్కర్ మెల్లగా లేపాను. రెండు వరుసలున్నాయి. ఒకటి మోతాదు. రెండోది... అద్దం పెట్టి మూడుసార్లు చదివాను.

తనంతట తాను పుట్టిన ఆల్కహాల్. పది శాతం మించదు.

తనంతట తాను పుట్టిందట! ఎవరూ కలపలేదట! పాపం, ఎవరి తప్పూ లేదట!

ఇరవై రెండేళ్లు దావత్‌లలో గ్లాసు బోర్లించి కూర్చున్నవాణ్ణి. బామ్మర్ది చేతులమీదుగా, పెళ్లాం కళ్లముందే, లివర్ బాగుపడటానికి తాగాను.

జూలై 31, గురువారం

సుజాతకు చూపించాను. అద్దం ఆమె చేతికిచ్చి, చదువు అన్నాను. కూడబలుక్కుని చదివింది. ముఖం మారిపోయింది. అప్పటికప్పుడు తమ్ముడికి ఫోన్.

"ఏందిరా నువ్విచ్చింది? మీ బావను నేను అనరాని మాటలంటి గద!"

వాడు ఏదో అంటున్నాడు, అది సహజమైనది అక్కా అని. "నీ సహజం మన్నువడ!"

ఫోన్ పెట్టేసి ఏడ్చింది. "తప్పయింది, మనసుల వెట్టుకోకు" అంది. ఇన్నాళ్ల తర్వాత నా ముఖం చూసి మాట్లాడింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి సీసా సంగతంతా తనే చెప్పింది. "వెంటనే ఆపండి, ఇలాంటివి ముందే చెప్పాలి కదా" అందట. అది కూడా తిట్టులా వినపడలేదు నాకు.

ఎంత తేలికయిందో ప్రాణం. రేపు సేటుకు కూడా చూపిస్తా, సీసా పట్టుకుపోయి.

ఆగస్టు 1, శుక్రవారం

సీసా పట్టుకుపోలేదు.

పొద్దున దుకాణానికి బయల్దేరుతుంటే సుజాత రాట్నం దగ్గర కూర్చుని ఉంది. ఒడిలో ఆ సీసా, చేతిలో నా అద్దం.

"ఇండ్ల ఇంకొకటి గూడ రాసుంది" అంది.

ఏంటది?

"పూటకు పదిహేను ఎమ్మెల్. రోజుకు రెండు పూటలు. గట్లైతే ఒక సీసా పదిహేను దినాలు. రెండు సీసాలు నెల రావాలె." వేళ్లు మడిచింది. ఒక చుట్ట నూలుకు ఎన్ని కండెలొస్తాయో చూడకుండా చెప్పే మనిషి. "అయిదో తారీకు మొదలువెట్టినవ్. ఇరవై అయిదుకే రెండు అయిపాయె. ఎట్లయిపాయె?"

మూత కొలత సరిగా లేదన్నాను.

మూత తీసి నా చేతిలో పెట్టింది. లోపల గీత ఉంది. పదిహేను అని రాసుంది.

చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆగస్టు 2, శనివారం

ఈ డైరీ వెనక్కి తిప్పాను. ఆల్కహాల్ సంగతి నాకు తెలియదు, అది నిజం. అంతవరకు నిజం. కానీ పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత, సుజాత నీళ్లకు పోయినప్పుడు ఇంకొకటి, ఒక్కోరోజు ఇంకొకటి. ఎప్పుడు మొదలైందో చూద్దామంటే ఎక్కడా లేదు. ఉప్పు సంగతి రాసుకున్నాను, ఆటోవాడి చూపు రాసుకున్నాను. ఇది రాసుకోలేదు.

సాయంత్రం అన్నాను, ఆ సీసా పారబొయ్యి సుజాతా అని.

"నేనెందుకు పారబొయ్యాలె? నేను పోస్తే నాకేం తెలుస్తది? నువ్వే పొయ్యి, ఎప్పుడు పోస్తవో."

ఎర్ర పట్టుపోగు ఒకటి తెంపి, సీసాలో రసం ఎంతవరకుందో సరిగ్గా అక్కడ చుట్టి ముడేసింది. తీసుకెళ్లి గూట్లో పెట్టింది. తాళం లేదు, తలుపు లేదు.

కోపంగా లేదు ఆమె. అదే నాకు భయంగా ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

దుకాణం సెలవు. పొద్దుటి నుంచి ఇంట్లోనే. సుజాత కండెలు చుడుతోంది, గూటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను నాలుగుసార్లు చూశాను.

పోగు చుట్టిన దగ్గరే ఉంది రసం. తాగలేదు. పారబోయలేదు కూడా. లేచి నాలుగడుగులు వేస్తే మోరీ, ఒంపేస్తే కాలవలో కలిసిపోతుంది. ఎందుకు లేవడం లేదో...

ఆరున్నర కావస్తోంది.