తిమ్మన్న మామ చెక్కల వేగం

కల్లూరు,
12 మార్చి 2007

తిమ్మన్న మామకు,

నీ మేనకోడలు రాసేది. మొన్న మా ఇంటికి వచ్చి, కోపంతో టీ కూడా తాగకుండా బస్సెక్కావు. తప్పు నాదే.

మన నాగలత పెళ్లి ఊరేగింపు కోసం నీ చెక్కభజన రికార్డు చేసి, కంప్యూటర్‌లో డాన్స్ దరువుతో కలిపాను కదా. తెర మీద దెబ్బ దెబ్బకూ ఒక గీత కనిపిస్తుంది. నీ గీతలు మొదట్లో దూరంగా, పోనుపోను దగ్గరగా పడ్డాయి. మామ తాళం తప్పాడనుకుని అన్నిటినీ లాగి ఒకే ఎడంలో సర్దాను. అందుకే పాట పెట్టగానే మీ భజన జట్టులో పద్నాలుగు మందికీ మూడో అడుగులోనే కాళ్లు ఆగిపోయాయి. "ఏమ్మే, మీ మామ ఈ పాటలో నిద్రపోతాండాడా?" అని గిడ్డమ్మత్త నవ్వింది. నువ్వేమో "నా చెక్కలకు నువ్వు నడక నేర్పిస్తాండావా?" అని లేచిపోయావు.

చెక్కభజనలో అడుగు కుదిరేకొద్దీ వేగం పెంచాలని అమ్మ చెప్పాకే నాకు తెలిసింది. ఈసారి నీ దెబ్బలు ముట్టుకోలేదు. డాన్స్ దరువునే నీ వెనక పరిగెత్తించాను. అది విని వంటింట్లో అమ్మ గరిటె పట్టుకునే అడుగులు వేసింది.

ఆదివారం అందరినీ తీసుకుని రా. రానంటావేమో, ఒక మాట విను. నిమిషానికి తొంభైతో మొదలైన నీ దెబ్బలు చివరికి నూట నలభై దాటాయి. ప్రతి దెబ్బకూ ఎగిరి అడుగు వేశావు. ఇంట్లో అత్త నీళ్ల బిందె తెమ్మంటే మాత్రం మోకాళ్ల నొప్పులంటావట.

ఈ లెక్క గిడ్డమ్మత్తకు ఇంకా చూపించలేదు.

నీ రాక కోసం చూసే
కోడలు